వలకన్ను - సముద్ర సంపద

సముద్రం అపారమైనదనీ, అందులోని మత్స్యసంపద ఎంత తీసినా తరగనిదనీ మానవుడు చిరకాలంగా నమ్ముతూ వచ్చాడు. ఈ నమ్మకం పామరులది మాత్రమే కాదు. 1883లో లండన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ మత్స్య ప్రదర్శనలో ప్రసంగిస్తూ, సుప్రసిద్ధ జీవశాస్త్రవేత్త థామస్ హెన్రీ హక్స్‌లీ సైతం సముద్రంలోని ప్రధాన మత్స్య జాతులు మానవ ప్రయత్నం చేత తరిగేవి కావని అభిప్రాయపడ్డారు. ఆనాడు వాడుకలో ఉన్న పడవలనూ వలలనూ దృష్టిలో ఉంచుకొని ఆయన ఆ మాట అన్నారు. ఆ తరువాత వేట పడవలలో ఆవిరి యంత్రం వ్యాపించింది, డీసెల్ యంత్రం వచ్చింది, నైలాన్ దారం వచ్చింది. వల పెద్దదయింది, పడవకు బలం పెరిగింది. సముద్రం మాత్రం పెరగలేదు.

సముద్రంలో వేట ఎంతకాలం సాగగలదు అన్న ప్రశ్న అనేక విషయాలపై ఆధారపడి ఉన్నది. ఎన్ని పడవలు వెళుతున్నవి, ఎన్ని రోజులు వేటాడుతున్నవి, ఏ ఋతువులో వేటాడుతున్నవి అన్నవన్నీ అందులో భాగాలే. అయితే వీటన్నింటిలోనూ మిక్కిలి చిన్నదిగా కనిపించేదీ, చేతితో కొలువదగినదీ ఒకటి ఉన్నది. అదే వలకన్ను. వేలెడు వెడల్పయినా లేని ఈ రంధ్రం ఒక మత్స్యజాతి భవిష్యత్తును ఏ విధంగా ప్రభావితం చేస్తుందో ఈ వ్యాసంలో వివరించ ప్రయత్నిస్తాము.

ట్రాల్ వల స్వరూపం

వలను ఉర్దూలో 'జాల్' అంటారు. తెలుగులోని 'జాలరి' అన్న మాటలో ఉన్నదీ ఆ మూలపదమే. వలలలో పెక్కు రకాలు ఉన్నవి. కొన్ని చేప వచ్చి చిక్కుకొనే వరకు నిలిచి ఉండేవి, కొన్ని చేపను చుట్టుముట్టేవి. ట్రాల్ వల ఈ రెంటికీ భిన్నమైనది. ఇది పడవ వెనుక నీటిలో ఈడ్చుకొనిపోబడే పెద్ద గరాటు వంటి సంచి. దీని నోరు విశాలంగా ఉండి, వెనుకకు పోను పోను సన్నబడుతుంది. నోటికి పై అంచున తేలే బుడ్లు, కింది అంచున బరువులు ఉంటవి. రెండు వైపులా ఆటర్ బోర్డులనే బల్లలు నీటి ఒత్తిడికి చెరొక వైపుకు జరుగుతూ వల నోటిని తెరచి ఉంచుతవి. పడవ ఇంచుమించు మనిషి నడక వేగంతో, గంటల తరబడి వలను ఈడుస్తుంది.

వల నోటి ముందు పడిన చేప కొంతసేపు దానికంటె ముందుగా ఈదుతుంది. క్రమంగా అలసిపోయి వెనుకబడి, గరాటులో నుంచి జారి చిట్టచివరనున్న సంచిలోకి చేరుతుంది. వల ముందు భాగంలో కన్నులు ఎంత పెద్దవయినా ఫరవాలేదు. చేప నిలిచేదీ, నిలువక తప్పించుకొనేదీ ఎక్కువగా ఈ తోకసంచి దగ్గరనే. కనుక వలకన్ను పరిమాణాన్ని గురించిన చట్టాలన్నీ ముఖ్యంగా ఈ సంచిని గురించినవే.

కన్నును కొలిచే పద్ధతి కూడా తెలుసుకోదగినది. కన్నును ఎదురెదురు ముడులు పట్టి బిగువుగా లాగినప్పుడు ఒక ముడి నుంచి రెండవ ముడి వరకు ఉండే దూరమే దాని పరిమాణం. అంటే 40 మిల్లీమీటర్ల కన్ను అన్నప్పుడు దాని నాలుగు భుజాలలో ఒక్కొక్కటి 20 మిల్లీమీటర్లు మాత్రమే ఉంటుంది.

జల్లెడ సూత్రం

మన ఇండ్లలో పిండి జల్లించే జల్లెడను జ్ఞప్తికి తెచ్చుకుంటే వలకన్ను చేసే పని తేలికగా బోధపడుతుంది. సన్నని పిండి కిందికి రాలుతుంది, నూక పైన నిలుస్తుంది. అయితే వలకూ జల్లెడకూ ఒక భేదం ఉన్నది. వలలో ఒకే పొడవు గల చేపలలో కొన్ని నిలుస్తవి, కొన్ని తప్పించుకుంటవి. చేప ఏ దిక్కుకు తిరిగి ఉన్నది, సంచి ఎంత నిండి ఉన్నది అన్న వాటిపై ఇది ఆధారపడుతుంది. అందుచేత శాస్త్రజ్ఞులు ఒక మధ్యస్థ పొడవును లెక్కలోకి తీసుకుంటారు. ఏ పొడవు గల చేపలలో సరిగా సగం చిక్కి, సగం తప్పించుకుంటవో ఆ పొడవు ఆ వలకు, ఆ జాతికి గుర్తు. కన్ను పెద్దదయిన కొద్దీ ఈ పొడవు కూడా దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఒక జాతికి ఈ నిష్పత్తి మూడు అనుకుందాము. అప్పుడు 30 మిల్లీమీటర్ల కన్ను గల సంచిలో 9 సెంటీమీటర్ల చేపలు సగం నిలుస్తవి. 50 మిల్లీమీటర్ల సంచిలో ఆ పొడవు 15 సెంటీమీటర్లు అవుతుంది.

ఈ నిష్పత్తి అన్ని జాతులకూ ఒకటి కాదు. చేప కన్నులో నుంచి దూరగలదా లేదా అన్నది దాని పొడవు కంటె దాని చుట్టుకొలతపై ఎక్కువగా ఆధారపడి ఉన్నది. పళ్ళెం వలె వెడల్పుగా ఉండే చందువ చిన్నదయినా వలలో నిలిచిపోతుంది. పట్టీ వలె సన్నగా, పొడవుగా ఉండే సావడ ఎంతో పొడవు పెరిగిన తరువాత కూడా జారిపోగలదు. నెత్తళ్ళు పెద్దవయినా చిన్నవే. ఈ వైవిధ్యమే మన సముద్రంలో సమస్యను జటిలం చేస్తున్నది.

ఆకారం కూడా ముఖ్యమే

కన్ను పరిమాణం ఒక్కటే కాదు, దాని ఆకారం కూడా చేప భవిష్యత్తును నిర్ణయిస్తుంది. సాధారణంగా వల కన్నులు వజ్రాకారంలో ఉంటవి. సంచి నిండుతున్న కొద్దీ దాని బరువు వలను వెనుకకు లాగుతుంది. ఆ లాగుడుకు వజ్రాకారపు కన్నులు నిలువునా సాగి, అడ్డంగా మూసుకొనిపోతవి. గణితం చదివే విద్యార్థులు దీనిని సులభంగా లెక్క కట్టవచ్చును. భుజం 20 మిల్లీమీటర్లు గల కన్ను చతురస్రంగా తెరచుకొని ఉన్నప్పుడు దాని వైశాల్యం 400 చదరపు మిల్లీమీటర్లు. అదే కన్ను సాగి, భుజాల మధ్య కోణం 30 డిగ్రీలకు తగ్గితే వైశాల్యం 200 చదరపు మిల్లీమీటర్లకు పడిపోతుంది. చట్టం దృష్టిలో కన్ను మారలేదు. చేపపిల్ల దృష్టిలో ద్వారం సగం మూసుకొనిపోయింది.

ఇందుకు విరుగుడు అతి సరళమైనది. అదే వల గుడ్డను 45 డిగ్రీలు తిప్పి కుట్టితే కన్నులు చతురస్రాకారంలో నిలుస్తవి. లాగుడు బలమంతా ఒక వరుస భుజాలపై పడుతుంది గనుక కన్నులు మూసుకొనవు. స్కాట్లండు దేశంలో 1980లలో ఈ పద్ధతిపై విస్తృతంగా పరీక్షలు జరిగినవి. మన దేశంలో 1957లో స్థాపించబడిన కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధనా సంస్థ చతురస్రపు కన్నుల సంచులను ఇక్కడి జలాలలో పరీక్షించి, వాటిని వాడవలసిందిగా సిఫారసు చేసింది. గుజరాత్ రాష్ట్రపు నిబంధనలు ట్రాల్ సంచికి 40 మిల్లీమీటర్ల చతురస్రపు కన్నును విధించినవి.

పిల్లచేపను విడిచిపెడితే లాభమా, నష్టమా?

చేతికి చిక్కిన చేపను విడిచిపెట్టడం జాలరికి నష్టం కాదా అని పాఠకులకు సందేహం కలుగవచ్చును. ఒక ఊహాజనితమైన లెక్కను పరిశీలిద్దాము. 10 సెంటీమీటర్ల పొడవు, 10 గ్రాముల బరువు గల చేపలు వెయ్యి వలలో పడినవనుకుందాము. వాటి మొత్తం బరువు 10 కిలోలు. అవి తప్పించుకొని 20 సెంటీమీటర్ల వరకు పెరిగినవనుకుంటే, పొడవు రెట్టింపయినప్పుడు బరువు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది గనుక ఒక్కొక్కటి 80 గ్రాములు తూగుతుంది. ఈ లోపల సగం చేపలు ఇతర జీవులకు ఆహారమై నశించినా 500 మిగులుతవి. అందులో సగం మాత్రమే, అంటే 250 మాత్రమే, మళ్ళీ వలలో పడినా 20 కిలోల చేప దక్కుతుంది. బరువు రెట్టింపయింది. పెద్ద చేపకు ధర కూడా ఎక్కువ. ఇంతకు మించి, మరొక 250 చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రంలోనే మిగిలి ఉన్నవి.

ఈ లెక్కలో రెండు వేరు వేరు ప్రమాదాలు దాగి ఉన్నవి. చేప పెరగవలసినంత పెరగకముందే దానిని పట్టడం మొదటిది. దీని వలన మనకు దక్కే బరువు తగ్గుతుంది. గుడ్లు పెట్టకముందే చేపను పట్టడం రెండవది. దీని వలన రేపటి తరమే పుట్టకుండా పోతుంది. మొదటిది వడ్డీని పోగొట్టుకోవడం, రెండవది అసలుకే మోసం తెచ్చుకోవడం. ప్రతి చేపకూ జీవితంలో ఒక్కసారి అయినా గుడ్లు పెట్టే అవకాశం ఇవ్వాలన్నదే వలకన్ను నియమం వెనుక ఉన్న మూలసూత్రం.

ఉత్తర సముద్రం నేర్పిన పాఠం

ఈ జ్ఞానం మానవునికి పుస్తకాల నుంచి మాత్రమే రాలేదు. ఇంగ్లండుకూ ఐరోపా ఖండానికీ మధ్యనున్న ఉత్తర సముద్రంలో రెండు ప్రపంచ యుద్ధాల కాలంలోనూ వేట చాలా వరకు ఆగిపోయింది. యుద్ధాలు ముగిసి పడవలు తిరిగి వెళ్ళినప్పుడు చేపలు మునుపటి కంటె సమృద్ధిగా, పెద్దవిగా దొరికినవి. వేట తగ్గితే సంపద పెరుగుతుందన్న సత్యం ఆ విధంగా రుజువయింది. 1946లో లండన్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం వలకన్నుకూ, పట్టదగిన చేప పొడవుకూ కనీస పరిమితులను నిర్ణయించింది. అది 1953లో అమలులోకి వచ్చింది. ఇంగ్లండులోని లోస్టాఫ్ట్ ప్రయోగశాలలో పనిచేసిన రేమండ్ బెవర్టన్, సిడ్నీ హోల్ట్ అనే శాస్త్రజ్ఞులు 1957లో ప్రచురించిన గ్రంథంలో, ఏ వయస్సులో చేపను పట్టడం మొదలుపెడితే ఎంత దిగుబడి వస్తుందో గణిత సూత్రాల ద్వారా నిరూపించారు. నేడు ఐరోపా యూనియన్ నియమాలలో ఉత్తర సముద్రపు ట్రాల్ వలకు సాధారణంగా 120 మిల్లీమీటర్ల కన్ను ఆధారంగా ఉన్నది.

మన తీరంలోని చిక్కు

మరి ఆ 120 మిల్లీమీటర్ల కన్నునే మన జలాలలోనూ ఎందుకు విధించరాదు? దీనికి సమాధానం మన సముద్ర స్వభావంలోనే ఉన్నది. చల్లని ఉత్తర జలాలలో కొద్ది జాతుల చేపలు పెద్ద సంఖ్యలో ఉంటవి. ఉష్ణమండలంలోని బంగాళాఖాతంలో ఒకే వలలో రొయ్యలు, గొరకలు, గులివిందలు, చందువలు, సావడలు, పీతలు కలసి పడుతవి. పెద్ద కన్ను పెడితే పిల్ల చందువ బ్రతుకుతుంది గాని రొయ్య కూడా పోతుంది. రొయ్యకు తగిన చిన్న కన్ను పెడితే రొయ్యతో పాటు అన్ని జాతుల పిల్లలూ పడుతవి.

రొయ్య మాటకు కొంత చరిత్ర ఉన్నది. 1952లో భారతదేశం, నార్వే, ఐక్యరాజ్య సమితి కలసి కుదుర్చుకొన్న ఒప్పందంతో కేరళ తీరంలో యంత్రపు పడవల అభివృద్ధి పథకం ప్రారంభమయింది. త్వరలోనే విదేశాలలో రొయ్యకు గిరాకీ పెరిగి, ట్రాల్ వేట దేశమంతటా వ్యాపించింది. విశాఖపట్నం తూర్పు తీరంలో ఒక ప్రధాన కేంద్రమయింది. రొయ్య కోసం వేసిన వలలో రొయ్య కంటె ఇతర జీవులే ఎక్కువగా పడడం సాధారణమయింది. పూర్వం ఆ చిన్న చేపలను చాలా వరకు సముద్రంలోనే పారవేసేవారు. ఆ తరువాత చేపల పొడి తయారుచేసే కర్మాగారాలు వాటిని కొనసాగినవి. కోళ్ళ దాణాకు, చెరువులలోని చేపల మేతకు ఆ పొడి పోతున్నది. పిల్లచేపకు కూడా ధర పలకడంతో, దానిని విడిచిపెట్టాలన్న కోరిక జాలరికి మరింత తగ్గింది.

రొయ్యకూ చేపకూ గల ఈ చిక్కును విడదీయడానికి శాస్త్రజ్ఞులు వాటి నడవడిని ఆశ్రయించారు. చేప వలలో పడినప్పుడు పైకి ఈది తప్పించుకోజూస్తుంది. రొయ్య నీటి వాలుకు కొట్టుకొనిపోతుంది. కనుక సంచి పైభాగంలో మాత్రం పెద్ద చతురస్రపు కన్నుల కిటికీ అమర్చితే చాలా చేపలు బయటపడుతవి, రొయ్య లోపలనే ఉంటుంది. కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధనా సంస్థ వలలో కమ్మీలు అమర్చి, పిల్లచేపలను బయటికి పంపుతూ రొయ్యను వేరు చేసే పరికరాన్ని కూడా రూపొందించింది. తీరానికి గుడ్లు పెట్టవచ్చే సముద్రపు తాబేళ్ళను రక్షించే పరికరం మరొకటి ఉన్నది.

కేరళ ప్రభుత్వం వేరొక మార్గాన్ని కూడా చేపట్టింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ సిఫారసుల ఆధారంగా 2015లో 14 జాతులకు కనీస పొడవును నిర్ణయించి, అంతకంటె చిన్నవాటిని పట్టడాన్ని నిషేధించింది. తరువాత ఆ జాబితాను 58 జాతులకు విస్తరించింది. కానాగంతకు 14 సెంటీమీటర్లు, సావడకు 46 సెంటీమీటర్లు కనీస పొడవు. ఈ పద్ధతి వలన తనిఖీ సముద్రం మీదనే కాక, రేవులోనూ అంగడిలోనూ సాధ్యమవుతుంది.

మన ఆంధ్రప్రదేశ్‌లో సముద్రపు వేటను క్రమబద్ధం చేసే చట్టం 1994లో వచ్చింది. వలలు, పడవలు, వేటాడే ప్రదేశాలు దాని పరిధిలోకి వచ్చినవి. తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రపు పడవల వేటకు విరామం అమలులో ఉన్నది.

నియమం ఎందుకు నిలువదు?

ఇంత సులభమైన నియమం ఆచరణలో ఎందుకు కష్టమవుతున్నది? జాలరి అజ్ఞానమే కారణమని పట్టణవాసులు అనుకోవడం కద్దు. ఇది సరి కాదు. పిల్లచేపను పడితే రేపు పెద్దచేప ఉండదని తీరవాసికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అసలు కారణం వేరు. పెద్ద కన్ను వల వేసినవానికి నష్టం ఈ రోజే, వాని ఒక్కనికే కలుగుతుంది. లాభం వచ్చే ఏడు, అందరికీ కలుగుతుంది. తాను విడిచిన చేపను పక్క పడవవాడు చిన్న కన్ను వలతో పట్టుకొనిపోతే తన త్యాగం వ్యర్థమే. పడవకు అప్పు తెచ్చినవాడు, డీసెలుకు నిత్యం సొమ్ము పెట్టేవాడు ఈ సందేహంతో పెద్ద కన్ను వేయలేడు. సంచి లోపల మరొక సన్నని సంచి కుట్టడం, నియమం ప్రకారమున్న సంచిపై రెండవ సంచి తొడగడం వంటి ఉపాయాలు ఈ పరిస్థితి నుంచే పుట్టుకొస్తవి.

ఈ పోటీలో మొదట నష్టపోయేది ట్రాల్ పడవ యజమాని కాదు. తెప్ప మీదనో నాటు పడవ మీదనో వెళ్ళి, పెద్ద కన్ను గల వలతో పెరిగిన వంజరాన్ని, చందువను పట్టే సంప్రదాయ జాలరి. అతని వల స్వభావం చేతనే చిన్న చేపను విడిచిపెడుతుంది. కాని అతని వల వరకు రావలసిన చేప పిల్లప్రాయంలోనే మరొకరి సంచిలో పడి, పొడిగా మారి, బస్తాలలోకి ఎక్కుతున్నది. తీరానికి దగ్గరనున్న జలాలను అతనికి కేటాయించే నిబంధనలు ఉన్నా, చేపకు ఆ సరిహద్దులు తెలియవు. కనుక వలకన్ను ప్రశ్న జీవశాస్త్ర ప్రశ్న మాత్రమే కాదు, ఒక న్యాయ ప్రశ్న కూడా.

వలకన్ను ఒక్కటే చాలదు

అయితే వలకన్నును సర్వరోగనివారిణిగా భావించరాదు. కెనడా దేశానికి చెందిన న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపల వేటకు వలకన్ను నియమాలు ఉండనే ఉన్నవి. అయినా మితిమీరిన వేట వలన ఆ సంపద క్షీణించి, 1992లో ప్రభుత్వం వేటనే నిషేధించవలసి వచ్చింది. వేలాది కుటుంబాలు జీవనోపాధి కోల్పోయినవి. ఆ నిషేధం 2024లో గాని తొలగలేదు. ఒక్కొక్క వల సక్రమంగా ఉన్నా వలల సంఖ్యకు మితి లేకపోతే ఫలితం శూన్యమని దీని వలన తెలుస్తున్నది. అదీగాక, కన్నులో నుంచి బయటపడిన చేపలన్నీ బ్రతుకవు. రాపిడికి పొలుసులు ఊడి కొన్ని చనిపోతవి. ఎక్కువ గుడ్లు పెట్టగల ముదురు చేపను ఏ వలకన్నూ రక్షించదు. కావున కన్ను పరిమాణం, వేట విరామం, పడవల సంఖ్యపై అదుపు అనే మూడూ కలసి నడిచినప్పుడే సముద్రం కోలుకుంటుంది.

మన కర్తవ్యం

మా అభిప్రాయంలో ఈ నియమం నిలవాలంటే అది అందరికీ ఒకేసారి, ఒకే విధంగా వర్తించాలి. నడిసముద్రంలో వలలను వెతకడం కంటె వల గుడ్డ అమ్మే చోట, వల కుట్టే చోట, చేప దిగే రేవులో తనిఖీ చేయడం తేలిక. పిల్లచేపను కొనే కర్మాగారాన్ని అదుపు చేయకుండా దానిని పట్టే జాలరిని మాత్రం శిక్షించడం న్యాయం కాదు. కొత్త సంచికి మారేవారికి మొదటి ఋతువులలో కలిగే నష్టాన్ని ప్రభుత్వం కొంతవరకు భరిస్తే, ఆ మార్పు భారమంతా పేద కుటుంబాలపై పడకుండా ఉంటుంది.

విద్యార్థులమైన మనకు కూడా ఇందులో పాత్ర ఉన్నది. ఇచ్ఛాపురం నుంచి తడ వరకు వ్యాపించిన తీరం మన రాష్ట్రానిది. జంతుశాస్త్రం చదివేవారు రేవులో చేపల పొడవులను కొలిచి నమోదు చేయవచ్చును. గణితం, అర్థశాస్త్రం చదివేవారు నేటి నష్టాన్నీ రేపటి లాభాన్నీ లెక్క కట్టవచ్చును. అంగడిలో వేలెడంత చందువ పిల్లలు కనిపించినప్పుడు కొనకుండా ఉండడం మనలో ప్రతి ఒక్కరికీ సాధ్యమే.

రైతు వచ్చే పంటకు విత్తనాలను ముందుగానే వేరు చేసి దాస్తాడు. ఎంత కరువు వచ్చినా వాటిని వండుకొని తినడు. సముద్రంలో విత్తనాన్ని వేరు చేసే చేయి ఏదీ లేదు. ఆ పని చేయగలిగేది వలకన్ను. దానిని ఎంత తెరచి ఉంచాలన్నది వల కుట్టే రోజుననే, ఒడ్డు మీదనే, మనుష్యులు నిర్ణయించుకోవలసిన విషయం.